ఐదువందల కాపీరైట్ నమోదు: వంటలు రాసేవాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

కేంద్ర కాపీరైట్ ఆఫీసు ఆన్‌లైన్ నమోదు సేవకు, వంటల పుస్తకం రాసుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తే ఐదుకు మూడున్నర మార్కులు. ఒక్క వంటకాన్ని పట్టుకుని ‘దీన్ని నా పేరు మీద రాయించేయండి’ అని వెళ్లేవాళ్ల వైపు నుంచి చూస్తే ఒకటే మార్కు. అదీ ఫీజు తక్కువైనందుకు.

చెన్నైలో ఉన్నవాళ్లు మొదట పొరబడేది చిరునామా దగ్గరే. గిండీలో మేధో సంపత్తి కార్యాలయం ఉంది కదా, ఓ పూట సెలవు పెట్టి వెళ్తే పనైపోతుంది అనుకుంటారు. గిండీలో చూసేది పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు. దేశం మొత్తానికీ ఒకటే అయిన భౌగోళిక గుర్తింపుల (జీఐ) రిజిస్ట్రీ కూడా అక్కడే ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు ఇచ్చింది ఆ రిజిస్ట్రీయే. కాపీరైట్ మాత్రం ఢిల్లీ ద్వారకలో ఉన్న ఆఫీసు చూసే పని. దరఖాస్తు, ఫీజు, ఉత్తరాలు అన్నీ వెబ్‌సైటులోనే నడుస్తాయి కాబట్టి సెలవు పెట్టక్కర్లేదు. సందర్భం వచ్చింది గనుక ఒక మాట: జీఐ ఉంది కదా అని పూతరేకులు ఎలా చేస్తారో రాయకూడదని ఎక్కడా లేదు. ఆ కట్టుబాటు పేరు పెట్టి అమ్మడానికే. వేళచ్చేరిలో చుట్టిన రేకులకు ‘ఆత్రేయపురం’ అని లేబులు అతికిస్తే చిక్కు.

ఇంతకీ ఐదువందలు కట్టి కొంటున్నదేమిటి? 1957 నాటి కాపీరైట్ చట్టం రాతకు రక్షణ ఇస్తుంది, పద్ధతికి ఇవ్వదు. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే హక్కు అని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో ఇంకో మెలిక పెట్టింది: కష్టపడి పోగుచేస్తే చాలదు, అందులో కొంచెమైనా సృజన కనపడాలి. ఈ రెంటినీ వంటింట్లోకి తెచ్చి చూడండి. ‘కందిపప్పు 1 కప్పు, చింతపండు నిమ్మకాయంత, ఎండుమిర్చి 4’ అన్న జాబితా ఎవరి సొత్తూ కాదు. పదార్థాల వట్టి జాబితాకు రక్షణ లేదని అమెరికా కాపీరైట్ ఆఫీసు కూడా చెబుతుంది. ‘ఆవాలు చిటపటలాడాక కరివేపాకు వేయండి’ అన్న వాక్యం సంగతీ అంతే. దాన్ని ఇంకెన్ని రకాలుగా చెప్పగలరు? వంట పేరుకు, పుస్తకం శీర్షికకు కూడా మామూలుగా కాపీరైట్ ఉండదు.

రక్షణ దొరికేవి వేరే ఉన్నాయి. వంటకు ముందు మీరు రాసిన నాలుగు పేరాల ముచ్చట, మీ మాటల్లో నడిచిన తయారీ వివరణ, ఏ వంట పక్కన ఏది పెట్టాలో ఆలోచించి కూర్చిన పుస్తకం మొత్తం, ఫొటో, వీడియో. రాతకు, ఫొటోకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. వీడియోకైతే ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు. ఆ హక్కు రాసిన క్షణంలోనే వస్తుంది, నమోదు చేయించినా చేయించకపోయినా. చాలామంది ఏజెంట్లు ఈ ముక్క ఫీజు పుచ్చుకున్నాక గానీ చెప్పరు.

దీన్ని తిరగేస్తే బయటపడే చేదు నిజం ఒకటుంది. మీ గోంగూర రొయ్యలు చదివి కోడంబాక్కంలో ఎవరో మెస్సు పెట్టి, అవే పాళ్లతో రోజూ వండి అమ్మినా కాపీరైట్ చట్టం కింద మీరు చేయగలిగేది ఏమీ లేదు. అంత గుట్టుగా ఉంచాల్సిన పాళ్లుంటే పోస్టు చేయకపోవడం ఒక్కటే మందు.

ఇక ఫారం. సైటులో లాగిన్ తెరిచి ఫారం 14 నింపాలి. దానికి తోకగా రెండు వివరపత్రాలు ఉంటాయి: ఒకటి కృతి వివరాలు, రెండోది ‘మరిన్ని వివరాలు’. సంతకం స్కాన్ చేసి చిన్న జేపీజీగా సిద్ధంగా ఉంచుకోవాలి. కృతిని పీడీఎఫ్‌గా ఎక్కించాలి, 10 ఎంబీ లోపు. డబ్బు కట్టగానే డైరీ నంబరు, అంటే మీ దరఖాస్తు గుర్తింపు సంఖ్య వస్తుంది. సాహిత్య కృతికి ఫీజు 500, వీడియోకు 5,000. దరఖాస్తు తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. డైరీ నంబరు వచ్చిన దగ్గర్నుంచి 30 రోజులు అభ్యంతరాల కోసం ఆపుతారు, ఆ తర్వాతే పరిశీలన మొదలవుతుంది. లోపం కనపడితే ఉత్తరం పంపుతారు, దానికి గడువులోపు జవాబివ్వాలి. ఆ ఉత్తరం మెయిల్లో స్పామ్ ఫోల్డరులో పడి ఉండొచ్చు, వారానికోసారి అందులోకి తొంగిచూడండి. మొత్తానికి నెలలు పట్టే వ్యవహారం.

తెలుగు పుస్తకాలకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ పీడీఎఫ్ దగ్గర. ఫారం ఇంగ్లీషులో నింపాలి గానీ కృతి తెలుగులో ఉండొచ్చు, భాష గడిలో తెలుగు అని రాస్తే సరిపోతుంది. అయితే డీటీపీ వాళ్ల దగ్గర పాత ‘అను’ ఫాంట్లలో కూర్చిన పుస్తకాన్ని ఫాంట్లు పొదగకుండా పీడీఎఫ్ చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పులిహోర కాస్తా పిచ్చిగీతలై కనిపిస్తుంది. ఎగుమతి చేసేటప్పుడు ఫాంట్లను ఫైల్లోనే పొదిగే ఆప్షన్ ఎంచుకుని, వేరొకరి ఫోన్‌లో తెరిచి చూశాకే ఎక్కించండి. రెండో దెబ్బ సైజు. అరవై ఫొటోలున్న ఈబుక్ 10 ఎంబీలో ఇమడదు. బొమ్మలు తీసేసి అక్షరాల వరకే ఎక్కించడం మేలు. ఎలాగూ ఒక్కో ఫొటో చట్టం దృష్టిలో వేరే కళాకృతి, దానికి వేరే దరఖాస్తు, వేరే 500. సాహిత్య కృతిగా మీరు నమోదు చేయిస్తున్నది రాతని.

సేవలో నిజంగా మెచ్చుకోవలసింది రెండో వివరపత్రం. ఇక్కడే మా మార్కులు పెరిగాయి. అందులో అడిగేవి సూటి ప్రశ్నలు: ఇది మీ స్వంత కృతేనా? కాపీరైట్ తీరిపోయిన కృతికి అనువాదమా? కాపీరైట్ ఇంకా ఉన్న కృతికి అనువాదమా? అనుసరణ అయితే దేనికి అనుసరణ? అనువాదమైతే మూలం పేరు, భాష, రచయిత, ప్రచురణకర్త, అనుమతి వివరాలు రాయాలి. ఈ పేజీని దరఖాస్తు పెట్టనివాళ్లు కూడా ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అతికించుకోవాలని మా సలహా. ఏ వంటైనా ఆన్‌లైన్‌లో పెట్టేముందు ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాస్తే, ఎక్కడ తప్పులో కాలేస్తున్నారో తెలిసిపోతుంది. ఖర్చు లేదు.

చెన్నై తెలుగువాళ్లకు ఇందులో ముఖ్యమైనది అనువాదం ప్రశ్న. తమిళంలో చూసి తెలుగులో పెట్టడం ఇక్కడ రోజూ జరిగే పని. భాష మారింది కదా, ఇక అది నాదే అనుకుంటారు. చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం అనువదించే హక్కు కూడా మూల రచయితదే. ఫోన్‌లో యంత్రం చేత తర్జుమా చేయించినా, ఏఐ చేత ‘కొంచెం మార్చి రాయి’ అన్నా లెక్క మారదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తమిళంలో ఒకరు వత్తకుళంబు (వరుగుల పులుసు) రాశారనుకోండి. సుండవత్తల్, అంటే మన ఉస్తికాయ వరుగులు 2 టేబుల్‌స్పూన్లు, చిన్న ఉల్లిపాయలు 15, చింతపండు 30 గ్రాములు, సాంబారు పొడి 2 టీస్పూన్లు, నువ్వుల నూనె 4 టేబుల్‌స్పూన్లు. ఈ జాబితా నిర్భయంగా తీసుకోవచ్చు. దాని కింద ఆ రచయిత ఇలా రాశారు: ‘పులుసు మీద నూనె తెట్టు కట్టి, వాన వెలిసిన రోడ్డులా మెరిసేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలకండి.’ ఇది ఆ మనిషి చూపు, ఆ మనిషి మాట. దీన్ని ‘గ్రేవీ పైన ఆయిల్ చేరి, వర్షం ఆగిన రహదారిలా మెరిసేవరకు స్టవ్ దగ్గరే ఉండండి’ అని మార్చేవాళ్లు కోకొల్లలు. మాటకు మాట మార్చారు, పోలిక అక్కడే ఉంది, వరస అక్కడే ఉంది. పట్టుబడతారు.

సరైన దారి వండి చూసి, తెలిసింది రాయడం. అదే కుళంబు ఇలా వస్తుంది: ‘చింతపండును 400 మి.లీ. నీళ్లలో పిండి తీసిన పులుసు సన్నసెగ మీద ఇరవై నిమిషాల్లో సగానికి దగ్గరపడుతుంది. గరిటె వెనక పూత నిలిచి, అంచుల్లో నూనె విడిస్తే అయినట్టే. వరుగుల్లో ఉప్పు ముందే ఉంటుంది గనుక ఉప్పు ఆఖర్న, రుచి చూసి వేయాలి. మొదట్లోనే వేస్తే పులుసు ఇగిరేసరికి నోట పెట్టలేం. సాంబారు పొడిని కాగిన నూనెలో నేరుగా వేస్తే మాడి చేదెక్కుతుంది. మంట తగ్గించి, వేగిన ఉల్లిపాయల మీద చల్లి, అరనిమిషం లోపే పులుసు పోయాలి.’ ఇందులో మూలంలోని వాక్యం ఒక్కటీ లేదు. చదివేవాళ్లకు మూలం కంటే ఎక్కువే దొరికింది. కింద ‘ఫలానావారి వత్తకుళంబు చూసి నేర్చుకున్నది’ అని లింకుతో పెడితే మర్యాద. ఆ లింకు చట్టం అడిగింది కాదు, వంటవాళ్ల మధ్య ఉండాల్సిన పద్ధతి.

పేరు చెప్పడం గురించి ఉన్నంత అపోహ మరి దేని గురించీ లేదు. పేరా మొత్తం ఎత్తి కింద ‘క్రెడిట్స్: అసలు ఓనరుకి’ అని రాస్తే అనుమతి దొరికినట్టు కాదు. అడగాలి, అడిగి రాతలో తీసుకోవాలి. వాట్సాప్ మెసేజీ అయినా సరే, స్క్రీన్‌షాట్ దాచుకోండి. అనుమతి ఉన్నా పేరు తీసేయడానికి వీల్లేదు, 57వ సెక్షన్ కింద తన పేరు చెప్పించుకునే హక్కు రచయితకు విడిగా ఉంటుంది. స్వంతానికి నోటు పుస్తకంలో ఎక్కించుకోవడం, సమీక్షలో ఒకటి రెండు వాక్యాలు ఉదహరించడం 52వ సెక్షన్ ఒప్పుకునేవే. వంటల పుస్తకం పేజీలు స్కాన్ చేసి నాలుగువందల మంది ఉన్న గ్రూపులో వేయడం స్వంత వాడకం కిందికి రాదు.

మాట మార్చకుండా ఎత్తిపోసినవాళ్లు చట్టానికి దొరక్కపోయినా వంటలో దొరికిపోతారు. ఎందుకంటే కప్పు అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా వంటల్లో కప్పు సుమారు 240 మి.లీ., మెట్రిక్ కప్పు 250, రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180. బియ్యం, నీళ్లు రెండూ అదే కప్పుతో కొలిస్తే గండం గడుస్తుంది. ఉప్పు, కారం మాత్రం స్పూన్లలో ఉంటాయి కదా! 240 కప్పుకు రాసిన 2 టీస్పూన్ల ఉప్పును 180 కప్పు బియ్యానికి వేస్తే నాలుగింట మూడు వంతుల అన్నానికి మొత్తం ఉప్పు పడుతుంది. ఆస్ట్రేలియా టేబుల్‌స్పూన్ 20 మి.లీ., మిగతాచోట్ల 15. మూలం ఏ దేశానిదో చూడకుండా దించిన వంట కింద ‘ఉప్పు ఎక్కువైందండీ’ అన్న వ్యాఖ్యలు వరసకడతాయి. గ్రాముల్లోకి, మిల్లీలీటర్లలోకి మార్చి, ఒకసారి వండి రాస్తే ఆ పోస్టు మీదే అవుతుంది, వంట కూడా కుదురుతుంది.

ఫొటోల విషయంలో చట్టం మనవాళ్లు అనుకునే దానికంటే ఉదారంగానే ఉంది. డబ్బిచ్చి ఫొటోగ్రాఫరు చేత తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. బావమరిది ఊరికే తీసిచ్చిన ఫొటో అయితే హక్కు బావమరిదిదే, ఒక లైను అనుమతి రాయించుకోండి. గూగుల్లో దొరికిన పెసరట్టు ఫొటో మీ పెసరట్టు పక్కన పెట్టడం అన్నిటికంటే తేలిగ్గా పట్టుబడే దొంగతనం. మీ ఫొటో పోయినప్పుడు నిరూపించడానికి సర్టిఫికెట్ కంటే పనికొచ్చేది కెమెరాలోని అసలు ఫైలు: పూర్తి సైజు, అంచులు కత్తిరించనిది. ఎత్తుకుపోయినవాడి దగ్గర ఉండేది కుదించిన కాపీయే. ఇక వీడియో వెనక సినిమా పాట వేసేవాళ్లకు చెప్పేదొకటే. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెల్ పోయే పరిస్థితి వస్తుంది. కుక్కరు ఈల చాలు సంగీతానికి.

మరి సర్టిఫికెట్ చేతికొస్తే ఒరిగేదేమిటి? 48వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులోని నమోదును కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది, కాదని చూపాల్సిన భారం ఎదుటివాళ్ల మీద పడుతుంది. మీ పుస్తకాన్ని ఎవరో కొత్త అట్ట వేసి అమ్ముతుంటే ఇది బలమైన ఆయుధం. 62వ సెక్షన్ కింద మీరు నివాసముండే చోటే దావా వేయొచ్చు, ఎత్తినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే మీరు చెన్నై దాటక్కర్లేదు. మద్రాసు హైకోర్టులో మేధో సంపత్తి కేసులకు ప్రత్యేక విభాగం కూడా 2023 నుంచి నడుస్తోంది.

అయితే పోస్టు తీయించడానికి సర్టిఫికెట్ కోసం ఎదురుచూడొద్దు. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఫిర్యాదు ఫారాలకు నమోదు తప్పనిసరి కాదు. మన 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వది ఇంకో దారి చూపుతుంది. ఆ పోస్టు నిల్వ ఉన్న సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి: మీ కృతి ఏది, అది మీదని ఎలా తెలుస్తుంది, కాపీ ఏ లింకులో ఉంది, అది మీ అనుమతి లేనిదని ఎలా చెబుతున్నారు, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానన్న హామీ. సంస్థ సంతృప్తి చెందితే 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే మళ్లీ తెరవొచ్చు. లింకు బదులు స్క్రీన్‌షాట్ పంపేవాళ్ల నోటీసులు ఇక్కడే తిరిగొస్తాయి. రెండూ పంపండి.

నమోదు ఎవరు చేయించాలి అన్నదానికి మా లెక్క సుమారుగా ఇది. నలభై, యాభై వంటలు, ముందుమాటలు, చిట్కాలు కలిపి అమ్మే పుస్తకం ఉంటే మొత్తాన్ని ఒకే కృతిగా ఒకే దరఖాస్తులో పెట్టండి, 500కి ఇంతకంటే చవక బేరం లేదు. వంటల క్లాసులో పంచే నోట్సు ఉన్నవాళ్లకూ ఇదే మాట. వారానికో పోస్టు పెట్టేవాళ్లకు అనవసరం. నెల్లూరులో అమ్మ చెబుతుంటే కూతురు ఇక్కడ కూర్చుని టైపు చేసిన పుస్తకమైతే రచయిత గడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. అమ్మ మాటలు ఉన్నవున్నట్టు దించితే రచయిత అమ్మే. ఇద్దరి మాటలూ విడదీయలేనంతగా కలిసిపోతే ఇద్దరి పేర్లూ రాయాలి. దరఖాస్తుదారు వేరు, రచయిత వేరు అయితే రచయిత సంతకంతో అభ్యంతరం లేదన్న పత్రం జతచేయాలి. అది లేకపోతే లోపం ఉత్తరం ఖాయం.

పొడులు అమ్మేవాళ్లు ఇంకో తప్పు చేస్తారు. కందిపొడి డబ్బా మీది బొమ్మల లేబులును కూడా అదే 500 కింద పెట్టేస్తారు. సరుకు మీద వాడే కళాకృతికి ఫీజు 2,000. పైగా అలాంటి ట్రేడ్‌మార్కు వేరెవరి పేరు మీదా లేదన్న సర్టిఫికెట్ ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ నుంచి తెచ్చి జతచేయాలి. ముందు అది తెచ్చుకున్నాకే కాపీరైట్ సైటు తెరవండి.